ముక్తేశ్వరం ఫ్రేములో పట్టాలంటే ఏ లెన్స్ కొనాలి?

ప్రశ్న: పర్లాకిమిడిలో హైస్కూలు మేష్టర్ని. నా దగ్గర కెనాన్ 200డి, దాంతో పాటు వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. పాత ఊళ్లు, పాత గుళ్లు తీయడమంటే ఇష్టం. సెలవులొస్తే ఇంటిల్లిపాదీ బయల్దేరతాం. మొన్న భువనేశ్వర్‌లో ముక్తేశ్వరాలయం తీస్తే శిఖరం తెగిపోయింది. కెమెరా పైకెత్తి తీస్తే గుడి వెనక్కి పడిపోతున్నట్టు వచ్చింది. అదే చోట మా ఆవిడ ఫోన్లో తీస్తే గుడంతా పట్టింది! ఈ శీతాకాలం మళ్లీ భువనేశ్వర్, పూరీ, కోణార్క్, వీలైతే కాశీ కూడా వెళ్దామనుకుంటున్నాం. బరంపురంలో ఒక షాపులో 16-35 తీసుకోమన్నారు, రేపు ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొన్నా పనికొస్తుందట. ఒక స్నేహితుడు టోకినా 11-16 అంటున్నాడు. ఇంకొకాయన కెనాన్ 10-18 చాలంటున్నాడు. ఏది కొనాలి? అసలు కొనాలా? శివరాత్రి తర్వాత ముఖలింగం చక్రతీర్థ స్నానానికి కూడా అదే లెన్స్ పట్టుకెళ్లొచ్చా?

సమాధానం: మేష్టారూ, కొనండి. 16-35 మాత్రం వద్దు. మిగిలిన రెండింట్లో నా ఓటు కెనాన్ 10-18కి. ఎందుకో చెప్పాలంటే ముందు మీ ఆవిడ ఫోను దగ్గర మొదలుపెట్టాలి.

మీ 200డి లోపల సెన్సరు వెడల్పు 22.3 ఎంఎం, ఎత్తు 14.9 ఎంఎం. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు 36, 24. అంటే మీ కెమెరాకి ఏ లెన్స్ తగిలించినా, దాని మీద రాసిన అంకెని 1.6తో గుణిస్తే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అది చూసే వెడల్పు తెలుస్తుంది. మీ 18 అలా 29 అవుతుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే ఫ్రేములో అంత ఎక్కువ పడుతుంది. ఇప్పటి ఫోన్లలో మామూలు కెమెరా ఇదే లెక్కలో 24 నుంచి 26 మధ్య ఉంటుంది. 0.5 అని నొక్కితే వచ్చేది 13 నుంచి 16 మధ్య. కాబట్టి ఆవిడ 0.5 నొక్కకపోయినా మీకంటే కాస్త ఎక్కువే పట్టేది. నొక్కి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మీ చేతిలో లోపం ఏమీ లేదు.

ఈ గుణకారమే 16-35కి చేసి చూడండి. మీ కెమెరా మీద అది 26-56 అవుతుంది. ఇప్పుడున్న 29 కాస్తా 26 అవడానికి అంత డబ్బు పెట్టాలా? అందులో చవకగా వచ్చే ఎఫ్/4 రకమే 615 గ్రాములు. రోజంతా మెడలో వేసుకుని పిల్లల్ని పట్టుకుని గుళ్లు తిరగాలి మీరు. షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు, ఫుల్ ఫ్రేమ్ మీద అది నిజంగా మంచి లెన్సే. మన వైపు పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు దాన్ని అరగదీస్తారు. కానీ కొనని కెమెరా కోసం ఇప్పుడే లెన్స్ కొనడం నాకు నచ్చదు. ఆ కెమెరా వచ్చేనాటికి మీ ఇష్టాలు ఎటు మారతాయో, అప్పుడు లెన్స్ బిగించే మౌంట్ ఏది నడుస్తుందో.

ఇక అసలు సంగతి. గుడి వెనక్కి పడిపోతున్నట్టు వచ్చిందన్నారు కదా, అది లెన్స్ చేసిన పని కాదు, మీరు కెమెరాని పైకి వంచడం వల్ల వచ్చింది. సెన్సరు గోడకి సమాంతరంగా నిటారుగా ఉన్నంతసేపు గుడి గీతలు నిటారుగానే వస్తాయి. వంచారా, పైన దగ్గరికి చేరతాయి. ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్‌తో వంచితే ఇంకా ఘోరంగా చేరతాయి. వైడ్ కొన్నాక కూడా చాలామంది ఫొటోల్లో గుళ్లు పడిపోతూనే ఉంటాయంటే కారణం ఇదే. వాళ్లు కొత్త లెన్స్‌తో మరింత దగ్గరికి వెళ్లి మరింత పైకి వంచుతారు.

కాబట్టి వైడ్ లెన్స్‌ని ఇలా వాడండి. కెమెరాని నిలువుగా తిప్పండి. స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుని, వంచకుండా సూటిగా పట్టుకోండి. శిఖరం పైన పడుతుంది, కింద సగం ఫ్రేము నిండా నేల వస్తుంది. రానివ్వండి. ఇంటికొచ్చాక ఆ నేల భాగం కత్తిరించేయండి. మీది 24 మెగాపిక్సెళ్ల కెమెరా, 6000 పిక్సెళ్లు నిలువు, 4000 అడ్డం. కింద సగం తీసేస్తే 4000 అడ్డం, 3000 నిలువు ఉన్న 12 మెగాపిక్సెళ్ల ఫొటో మిగులుతుంది. గోడకి తగిలించుకునేంత ప్రింటు దాంతో హాయిగా వేయించుకోవచ్చు.

ఇలా వంచకుండా తీయాలంటే ఎంత దూరంలో నిలబడాలి? మీ 18తో అయితే గుడి ఎత్తుకి ఒకటిన్నర రెట్లకి కాస్త పైగా. 10తో అయితే గుడి ఎంత ఎత్తుందో ఇంచుమించు అంతే దూరం, నిజానికి అందులో పదో వంతు తక్కువే. ముక్తేశ్వరం ఎత్తు సుమారు 35 అడుగులు. మీ కంటి ఎత్తు తీసేస్తే 30 అనుకోండి. 18తో దాదాపు 50 అడుగులు వెనక్కి జరగాలి. ఆ గుడి చుట్టూ ఉన్న పొట్టి ప్రహరీ, పక్కన కోనేరు, ముందు తోరణం, మధ్యలో సెల్ఫీలు తీసుకునే జనం, ఇవన్నీ దాటి 50 అడుగులు ఎక్కడ దొరుకుతుంది? 10తో 27 అడుగులు చాలు.

ఇదే లెక్క కోణార్క్‌లో వేయండి. జగమోహనం, అంటే గర్భగుడి ముందుండే మండపం, ఎత్తు దాదాపు 128 అడుగులు. 18తో 200 అడుగులు వెనక్కి వెళ్లాలి. అక్కడ ఆవరణ విశాలం, దక్షిణం వైపు, ఉత్తరం వైపు పచ్చిక మీద అంత దూరం నిక్షేపంగా దొరుకుతుంది. అంటే కోణార్క్ గుడి మొత్తం తీయడానికి మీ పాత లెన్సే సరిపోతుంది! ఊళ్లో అందరూ కోణార్క్ వెళ్తున్నామని వైడ్ కొంటారు, అక్కడే దాని అవసరం తక్కువ. 35 అడుగుల ముక్తేశ్వరం దగ్గరే దాని అవసరం ఎక్కువ. గుడి ఎంత పెద్దదన్నది కాదు, మీ వెనక ఎంత జాగా ఉందన్నది చూసి లెన్స్ తీయాలి.

మీకు దగ్గర్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ముఖలింగంలో సోమేశ్వరాలయం ముఖమండపం లేకుండా ఊరి మొదట్లో ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టూ తిరిగి, దూరం జరిగి, 18-55తో ఎలా కావాలంటే అలా తీసుకోవచ్చు. మధుకేశ్వరాలయం అలా కాదు, ప్రహరీ లోపల చిన్న గుళ్లతో కిక్కిరిసి ఉంటుంది. అక్కడ 18 పట్టుకుంటే ఎటు జరిగినా వీపుకి గోడ తగులుతుంది. కొనేముందు ఓ ఆదివారం అక్కడికి వెళ్లి మీ ఆవిడ ఫోన్లో 0.5 పెట్టి, వంచకుండా, నిలువుగా తీసి చూడండి. 10-18 మీకు చూపించబోయే వెడల్పు దాదాపు అదే. ఆ ఫొటోలు మీకు నచ్చకపోతే లెన్స్ కొన్నా నచ్చవు, డబ్బులు మిగిలినట్టే. ఇంకో పని కూడా చేయండి. మీ పాత ఫొటోలు కంప్యూటర్లో తెరిచి, ఏ ఫొటో ఎంత ఎంఎం దగ్గర తీశారో చూడండి, ప్రతి ఫైల్లోనూ ఆ వివరం ఉంటుంది. సగానికి పైగా 18 దగ్గరే ఉంటే మీకు వైడ్ కావాలి. 35, 55 దగ్గర ఎక్కువ ఉంటే మీ మనసు శిల్పాల మీద, మనుషుల మీద ఉందన్నమాట, అప్పుడు వేరే లెన్స్ మాట్లాడుకోవాలి.

టోకినా గురించి. మీ స్నేహితుడు చెప్పింది మంచి లెన్సే, ఎఫ్ పక్కన అంకె చిన్నదయ్యేకొద్దీ వెలుతురు ఎక్కువ, ఇది ఎఫ్/2.8 కాబట్టి కెనాన్ 10-18 కంటే వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది. కెనాన్‌ది 10 దగ్గర ఎఫ్/4.5, 18 దగ్గర ఎఫ్/5.6. చీకటి గుళ్లలో ఆ తేడా చాలా ఉపయోగమనిపిస్తుంది. కానీ మీరు వెళ్లే గుళ్లు చూడండి. పూరీ జగన్నాథుడి గుడిలోకి కెమెరా, ఫోను రెండూ తీసుకెళ్లనివ్వరు. లింగరాజ గుడిలోనూ అంతే, బయట గోడ పక్కన కట్టిన వేదిక మీద నుంచి తీసుకోవాల్సిందే. ఇక కళింగ గుళ్లలో అందమంతా బయటి గోడల మీదే ఉంటుంది, లోపలి గోడలు చాలావాటికి నున్నగా ఉంటాయి. ముక్తేశ్వరం జగమోహనం లోపలి కప్పు మీద చెక్కిన పని అరుదైన మినహాయింపు, అది మాత్రం తప్పకుండా తీయండి.

రాయి కదలదు. కదలని దాన్ని తక్కువ వెలుతురులో తీయాలంటే ఎఫ్/2.8 కంటే, చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజరే ఎక్కువ ఆదుకుంటుంది. కెనాన్ 10-18లో అది ఉంది, టోకినాలో లేదు. గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి తీస్తే 1/8 సెకను దగ్గర కూడా స్పష్టంగా వస్తుంది. పురాతత్వ శాఖ గుళ్లలో అనుమతి లేకుండా ట్రైపాడ్ వేయనివ్వరు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బరువూ చూడండి, కెనాన్ 240 గ్రాములు, టోకినా అర కిలో పైనే. పైగా టోకినా 16 దగ్గర ఆగిపోతుంది, మీ కిట్ లెన్స్ 18 దగ్గర మొదలవుతుంది. కెనాన్ 18 దాకా వచ్చి దానికి అతుక్కుంటుంది. టోకినాకి ఇంకో గుణం ఉంది: తెల్లటి ఆకాశం మీద నల్లటి శిఖరం అంచుని తీస్తే ఊదా రంగు గీత పడుతుంది. కళింగ గుళ్లంటేనే ఆకాశం మీద శిఖరం కదా.

మరి టోకినా ఎవరికి? బరంపురంలో ఠాకురాణి యాత్ర రాత్రుళ్లు వేషాల మధ్య తిరిగి తీసేవాళ్లకి. మనుషులు కదులుతారు, చీకటి ఉంటుంది, అక్కడ స్టెబిలైజర్ ఏమీ చేయలేదు, ఎఫ్/2.8 కావాలి. రెండేళ్లకోసారి వచ్చే యాత్ర కోసం మీరు కొనక్కర్లేదు.

10-18 చేతికొచ్చాక కొన్ని అలవాట్లు మార్చుకోవాలి. 10 దగ్గర ఫ్రేము అంచుల్లో ఉన్న గుండ్రటివి కోడిగుడ్లయిపోతాయి. కోణార్క్ చక్రం దాదాపు 10 అడుగులు. దాని ముందుకి వెళ్లి 10తో తీసి ఫ్రేము మూలకి పెట్టారంటే కచ్చితంగా సాగుతుంది. దాన్ని నడిమధ్యలో పెట్టండి, ఇంకా మంచిది, కొంచెం వెనక్కి జరిగి కిట్ లెన్స్‌తో 24 దాటాక తీయండి. శిఖరం మీద ఉండే గుండ్రటి రాయి, ఆమలకానికీ ఇదే కష్టం, నిలువు ఫ్రేములో అది పై అంచుకి చేరితే పళ్లెంలా ఉండాల్సింది సాగిపోతుంది. అందుకే దూరం దొరికినచోట 10 దాకా వెళ్లకుండా 13, 14 దగ్గర ఆగండి. పిల్లల్ని ఫ్రేము చివర నిలబెట్టి గుడి మధ్యలో పెట్టి తీసే అలవాటుంటే మానండి. చివరనున్న పిల్లాడి తల పుచ్చకాయంత వస్తుంది, వాడు పెద్దయ్యాక మిమ్మల్ని క్షమించడు.

వైడ్ లెన్స్‌లో దూరంగా ఉన్నవి మరీ చిన్నవైపోతాయి, ముందు నేల మాత్రం బోలెడు ఖాళీగా కనిపిస్తుంది. కాశీ సందుల్లో ఇది బాగా తెలుస్తుంది. సందు చివర ఏదో గుడి కనిపించిందని 10తో నొక్కితే సిమెంటు నేల, కరెంటు తీగలు తప్ప ఏమీ మిగలవు. రెండు మూడు అడుగుల దూరంలో ఏదైనా ఉండాలి: పూలబుట్ట, అరుగు, రంగు పోయిన తలుపు, మాలలు కట్టే చేతులు. 10 దగ్గర ఎఫ్/8 పెట్టి మూడడుగుల దూరానికి ఫోకస్ చేస్తే ఆ బుట్ట దగ్గర్నుంచి సందు చివరి దాకా అన్నీ స్పష్టంగానే ఉంటాయి. లెన్స్ కన్నాన్ని ఎఫ్/16, ఎఫ్/22 దాకా మూయకండి, ఫొటో మెత్తబడుతుంది. ఈ లెన్స్ 22 సెంటీమీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ అవుతుంది. మీ ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసే పనివాళ్ల దగ్గర దీన్ని ఓసారి వాడి చూడండి. ఇరుకు గదిలో మనిషి, పనిముట్లు, చుట్టూ గోడకి వేలాడే సరుకు, అన్నీ ఒక్క ఫ్రేములో వస్తాయి. ముఖం మాత్రం మధ్యలో ఉండాలి, చేతికందే దూరం కంటే దగ్గరికి వెళ్లకూడదు. వెళ్తే ముక్కు ముందుకొస్తుంది.

కాశీలో పడవ ఎక్కినప్పుడు 10-18 తీసి సంచిలో పెట్టేయండి. గంగలోంచి 10తో తీస్తే ఘాట్లు సన్నటి గీతలా కనిపిస్తాయి. అవి పడమటి ఒడ్డున తూర్పు ముఖంగా ఉంటాయి కాబట్టి పొద్దున్నే వెలుతురు సూటిగా వాటి మీదే పడుతుంది, ఆ వేళకి మీ 18-55లో 35 నుంచి 55 దాకా బ్రహ్మాండంగా సరిపోతుంది. మణికర్ణికలో, హరిశ్చంద్ర ఘాట్‌లో చితులు తీయకండి. అక్కడ ఉన్నది ఎవరి అమ్మో నాన్నో. పూరీలో రథాలు నడిచే పెద్ద వీధి, బడదండ, వెడల్పు చూసి మీకే తెలుస్తుంది, అక్కడా కిట్ లెన్సే.

10-18 కొత్తది దొరక్కపోతే సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చు, 2014 నుంచి ఉన్న లెన్స్ కాబట్టి వాడినవి బాగానే తిరుగుతున్నాయి. కానీ చూసి తీసుకోండి. గంజాం వైపు సముద్రపు గాలికి, తేమకి లెన్సుల్లో ఫంగస్ మొలుస్తుంది. ఫోను టార్చి ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి చూడండి, సాలెగూడులా దారాలు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. అది అద్దం పూతని తినేస్తుంది, శుభ్రం చేయించినా మచ్చ పోదు. తర్వాత గోడకి న్యూస్‌పేపర్లు అంటించి, సూటిగా నిలబడి 10 దగ్గర ఎఫ్/5.6లో తీసి, నాలుగు మూలల అక్షరాలూ పోల్చండి. అన్ని మూలలూ కాస్త మసకగా ఉంటే ఫరవాలేదు, వైడ్ లెన్స్‌లో అది మామూలే. ఒక్క మూలే బాగా అలికినట్టుంటే ఎక్కడో కింద పడిన లెన్స్, వదిలేయండి. ఇంటికొచ్చాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. మన వానాకాలానికి బీరువా పనికిరాదు, బట్టల మధ్య మరీ పనికిరాదు. ఎండకి అడ్డుపెట్టే హుడ్ విడిగా కొనాలి, కొనండి. ఇంత వెడల్పు లెన్స్‌లో ఎండ ఏదో ఒక మూల నుంచి లోపలికి వస్తూనే ఉంటుంది. ఆకాశం నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ మాత్రం కొనకండి. మీ 18-55కి 58 ఎంఎం ఫిల్టర్, దీనికి 67 ఎంఎం, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. పట్టినా 10 దగ్గర ఆకాశం ఒక వైపు ముదురు నీలం, ఇంకో వైపు వెలిసిపోయినట్టు వస్తుంది.

రేపు ఫుల్ ఫ్రేమ్ సంగతంటారా, కెనాన్ మిర్రర్‌లెస్ కొంటే వాళ్ల అడాప్టర్ పెట్టి ఇదే 10-18 తగిలించుకోవచ్చు. ఫుల్ ఫ్రేమ్ అయితే కెమెరా తనంతట తానే సెన్సరు మధ్య భాగం మాత్రమే వాడుతుంది, పిక్సెళ్లు తగ్గుతాయి, అంతే. 16-35 కోసం పెట్టే డబ్బులో ఈ లెన్స్ తీసుకుని, మిగిలిన దాంతో కెనాన్ 24 ఎంఎం ఎఫ్/2.8 కూడా చూడండి. 125 గ్రాములు, బిస్కెట్ మందం. సందుల్లో మనుషుల్ని తీయడానికి నాకు వైడ్ కంటే అదే ఇష్టం.

ఇక చక్రతీర్థ స్నానం. తీసుకెళ్లండి, జనం మధ్యలో నిలబడి తీయడానికి 10-18 మంచిదే. ఒడ్డు మీద దూరంగా నిలబడి తీస్తే తలలు చుక్కల్లా వస్తాయి, కాబట్టి లోపలికి వెళ్లాలి. 200డి స్క్రీన్ బయటికి తిరుగుతుంది కదా, దాన్ని కిందికి వంచుకుని కెమెరాని తల మీదికెత్తి పట్టుకోండి. కాస్త కిందికి వంచినా ఫరవాలేదు, అక్కడ నిటారు గోడలేమీ లేవు. షట్టరు 1/250కి తగ్గనివ్వకండి, వెలుతురుకి సెన్సరు స్పందనని పెంచే ఐఎస్ఓని ఆటోలో పెట్టేయండి. తడి బట్టలతో ఉన్న ఆడవాళ్ల వైపు కెమెరా తిప్పకండి, ఎవరైనా వద్దంటే దించేయండి. లెన్స్ ఇంటి దగ్గరే బిగించుకుని వెళ్లండి. వంశధార ఇసుకలో ఆ జనం మధ్య లెన్స్ మార్చే పని మాత్రం పెట్టుకోకండి.